ఇరవయ్యో దెబ్బ

నేను ఒక చెక్కగంటను. పేరు విని ఏదో ఊహించుకోకండి, నాలో గంట లక్షణం ఒక్కటీ లేదు. బడిపిల్లల పలకంత తుమ్మచెక్క, కింద పట్టుకోవడానికి ఒక పిడి, పైన ఇనుప సీల మీద అటూ ఇటూ వాలే చిన్న సుత్తి. పిడి పట్టుకుని ఊపితే సుత్తి చెక్కను కొడుతుంది. టక్, టక్, టక్. నా సంగీతం మొత్తం ఇంతే. ఏడాదికి మూడు రోజులు ఉద్యోగం, మిగతా రోజులన్నీ సెలవు. ఇంత సుఖమైన కొలువు కలెక్టరుగారికి కూడా ఉండదు.

మాది పల్నాడులో సంతరాయపాలెం. చుట్టూ మిరపచేలు, మధ్యలో పునీత అన్నమ్మగారి గుడి. గుడి గోపురంలో పెద్ద కంచు గంట ఉంది. పొద్దున్నే జనాన్ని నిద్ర లేపేది అదే, పెళ్లికి మోగేది అదే, చావుకి మోగేదీ అదే. చావుకైతే మా ఊళ్లో ఒక లెక్క ఉంది. పోయినవాళ్లకు ఎన్నేళ్లో అన్ని దెబ్బలు, ఒక్కొక్కటే, ఆగి ఆగి కొడతారు. చేలో కాయ కోస్తున్న ఆడవాళ్లు నడుం ఎత్తి వేళ్లు ముడుస్తారు. డెబ్భై దాటితే "పెద్దప్రాణం" అని మళ్లీ వంగుతారు. ముప్ఫైలోపే ఆగిపోతే ఆ పూట ఇక పని సాగదు.

ఆ గంటగారు మౌనం పట్టే మూడు రోజులే నావి. పాస్కా పండగ, అంటే ఈస్టర్, దానికి ముందు గురువారం సాయంత్రం పూజలో మహిమ గీతం పాడేటప్పుడు గంట ఆఖరుసారి మోగుతుంది. ఇక శనివారం రాత్రి జాగరణ పూజలో మళ్లీ అదే పాట ఎత్తుకునేదాకా దాని నోరు కట్టేస్తారు. మాటవరసకు కాదు, నిజంగానే కడతారు. నిచ్చెనెక్కి గంట నాలుకకు గోతం గుడ్డ చుట్టి పురికొసతో బిగిస్తారు. ప్రభువును పట్టుకుపోయి సిలువ వేసిన రోజుల్లో కంచు మోత పనికిరాదని పెద్దల మాట. ఆ మూడు రోజులూ గుడికి గొంతు నేనే.

నన్ను చేసింది యాగప్ప అనే వడ్రంగి. విరిగిన ఎడ్లబండి చక్రంలోంచి కోసి తీశాడు. అంతకుముందు నేను మిర్చి బస్తాల కింద గుంటూరు రోడ్డంతా దొర్లినదాన్నే, కాబట్టి దేశం చూడలేదని నన్నెవరూ అనలేరు. చెక్క చివ్వుతూ యాగప్ప తనలో తాను మాట్లాడుకునేవాడు. "మన ప్రభువూ వడ్రంగే. ఆ వడ్రంగిని చెక్క మీదే చంపారు. దానికి కంచు ఏడిస్తే ఏం బాగుంటది? చెక్కే ఏడవాల." ఆ మాట నాకు నచ్చింది. మా జాతి చేసిన తప్పుకు మేమే సంతాపం చెప్పుకోవడం న్యాయమే. కాకపోతే ఆ సిలువ చెక్కిన వడ్రంగి ఎవరో, వాడికి ఆ రాత్రి అన్నం సయించిందో లేదో ఎవరూ అడగరు.

పని పూర్తయ్యాక నన్ను మొదట ఊపింది యాగప్ప కూతురు ఆరోగ్యం. ఎనిమిదేళ్ల పిల్ల. ఆ మధ్యాహ్నమంతా ఊపి ఊపి వీధి మొత్తానికి తలనొప్పి తెప్పించింది. వాళ్లమ్మ వచ్చి చెవి మెలేసి నన్ను లాక్కుంది.

తర్వాత చాలా చేతులు మారాను. ఇన్నయ్య అని, గుడిలో జనానికి ప్రార్థనలు నేర్పే పాత ఉపదేశి నన్ను డప్పు వాయించినట్టు వాయించేవాడు. శుక్రవారం ఊరేగింపులో ఏసుప్రభువు మూడోసారి కింద పడే చోటికి వచ్చేసరికి ఆయన చెయ్యీ పడిపోయేది. ఒక ఏడు ఫాదర్ గారి వంటమనిషి నన్ను బట్టలుతికే చెక్క అనుకున్నాడు. విభూది బుధవారం నుంచి మట్టల ఆదివారం దాకా, ఉపవాస కాలమంతా దుప్పట్లు బాదాను. ఇప్పటి ఉపదేశి శౌరయ్య అప్పుడు కుర్రవాడు. నన్ను పెరట్లో బండ మీద చూసి గోలగోల చేసి విడిపించాడు. ఆ ఏడు పవిత్ర శుక్రవారం ఊరంతా కన్నీళ్లు పెట్టుకుంటుంటే నా ఒళ్లంతా సబ్బు వాసన.

శుక్రవారం గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. సిలువ మార్గంలో అందరికంటే ముందు నేనే నడుస్తాను. ఊరి వీధుల్లో పద్నాలుగు చోట్ల ఆగుతాం. ప్రభువుకు శిక్ష వేసిన పిలాతు వేషం వేసే ఆయన ఏటా చేతులు కడుక్కుంటాడు, ఏటా తుడుచుకోవడానికి తువ్వాలు మర్చిపోతారు, ఏటా ఆయన పంచెకే తుడుచుకుంటాడు. కొరడా పట్టుకున్న సైనికుడు ఎండకు తాళలేక ఏసుప్రభువు వేషం వేసినతణ్ణే మజ్జిగ అడుగుతాడు. నవ్వొస్తుంది. కానీ నాలుగో చోట, తల్లి కొడుకుకు ఎదురుపడే చోట, ఎవరూ నవ్వరు. అక్కడ నా సుత్తి కూడా మెత్తగా పడుతుంది.

నా బాధల్లా ఒకటే. నాకు కథ సగమే తెలుసు. శనివారం మధ్యాహ్నం కాగానే నన్ను తుడిచి, ఫాదర్ గారు పూజబట్టలు మార్చుకునే పూజగదిలో బీరువాలో పెట్టేస్తారు. ఆ రాత్రి బయట కొత్త నిప్పు రాజేస్తారు. పెద్ద పాస్కా కొవ్వొత్తి వెలిగిస్తారు. తర్వాత గంట మోగుతుంది, జనం అల్లెలూయా అంటారు, టపాకాయలు పేలతాయి. అంతా బీరువా తలుపు అవతల. ప్రభువు లేచాడని యాభై ఏళ్లుగా వింటూనే ఉన్నాను. ఎలా లేచాడో, లేస్తే ఎలా ఉంటుందో నాకేం తెలుసు. నాకు తెలిసిన ఉత్థానం పక్కింటి పెళ్లి చప్పుడు.

నాలాగే సగం కథ దగ్గర ఆగిపోయిన మనిషి ఊళ్లో ఇంకొకరున్నారు. నన్ను మొదట ఊపిన ఆరోగ్యమే. ఇప్పుడు ఆరోగ్యమ్మ, అరవైకి దగ్గర పడింది. మిర్చి యార్డులో బస్తాలు కుట్టి మూతులు కట్టే పని. ఆమె వేసిన ముడిని లారీ డ్రైవర్లు కూడా విప్పలేరు, కోసుకోవాల్సిందే. చిన్న వయసులోనే భర్త పోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు, ఫిలోమిన.

ఫిలోమిన టీచరు ట్రైనింగు చదువుతుండగా కామెర్లు వచ్చాయి. పది రోజులు గుంటూరు ఆస్పత్రిలో ఉంచారు. పదకొండేళ్ల కిందట, పవిత్ర శుక్రవారం పొద్దున పోయింది. పంతొమ్మిదేళ్లు.

ఆ మూడు రోజుల్లో చావు పూజ చెయ్యకూడదు. గంట కొట్టకూడదు. ప్రార్థన చెప్పి మట్టి చెయ్యాలి, అంతవరకే. శనివారం పొద్దున ఆ పిల్ల పెట్టె ముందు నడిచింది నేనే. శౌరయ్య చేతిలో నేను టక్ టక్ అంటూ సమాధుల తోట దాకా వెళ్లాను. అంత చిన్న చప్పుడు ఆ రోజు నాకే సిగ్గనిపించింది. ఆ రాత్రే జాగరణ పూజలో గంట మోగింది. నిన్నటిదాకా కదలని గంట, బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన పూటే పండగ మోత మోగింది. ఆరోగ్యమ్మ లేచి ఇంటి తలుపులు, కిటికీలు మూసుకుందని, చెవుల్లో కొంగు కుక్కుకుందని తర్వాత విన్నాను.

మరుసటి ఏడు గురువారం పొద్దున ఆమె శౌరయ్య దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, ఈసారి చెక్కగంట నేను పట్టుకుంటా."

"నువ్వెందుకమ్మాయ్?"

"నా బిడ్డ ఎంట ఎల్లింది అదొక్కటేగా."

శౌరయ్య బీరువా తెరిచి నన్ను తీసి ఇచ్చాడు. అప్పటి నుంచి మూడు రోజులూ నేను ఆమె చేతిలోనే. ఎండలో చెప్పుల్లేకుండా నడుస్తుంది, ఒక్క దెబ్బ కూడా తప్పదు. శనివారం మధ్యాహ్నం నన్ను తుడిచి శౌరయ్యకు ఇచ్చి ఇంటికి పోతుంది. జాగరణకు రాదు. పాస్కా ఆదివారం యార్డుకు సెలవైనా ఇంట్లో గోతాలు పరుచుకుని కుడుతూ కూర్చుంటుంది. పదేళ్లు ఇదే వరస.

ఈ ఏడు విచారణ తరఫున, అంటే మా ఫాదర్ గారి కింద ఉన్న గుడులన్నిటి తరఫున, ఒకరిని జెరూసలేం యాత్రకు పంపుతామని చెప్పారు. పేర్లు రాసిన చీటీలు కుండలో వేసి, మట్టల ఆదివారం ఒకటి తీశారు. ఆరోగ్యమ్మ పేరు వచ్చింది. ఆమె తన పేరు వెయ్యనే లేదు. ఎవరు వేశారని అడిగితే శౌరయ్య గుడి కప్పులో పిచ్చుకగూడు కోసం వెతుకుతున్నట్టు పైకి చూశాడు. ఆ ముందు రోజు పూజగదిలో కూర్చుని ఒకే పేరు అరడజను చీటీల మీద రాస్తుంటే నేను బీరువా తలుపు సందులోంచి చూశాను. ఉపదేశిగా ఆయన ఎంతో మందికి చేసిన పాపం ఒప్పుకునే పాపసంకీర్తనం నేర్పాడు, ఇదొకటి తన వంతుకు మిగుల్చుకున్నట్టున్నాడు.

పాస్కా తర్వాత మంగళవారమే ప్రయాణం. గురువారం మధ్యాహ్నం ఆమె పూజగదిలో బల్ల ముందు కూర్చుని నాకు కొబ్బరినూనె పట్టిస్తుంటే ఫాదర్ జయరాజు గారు వచ్చారు. కొత్తగా వచ్చిన చిన్న వయసు ఫాదర్. యాత్రకు వెళ్లేముందు ధ్యానం చేసుకోవాలని, అక్కడ ఏం చూడబోతున్నామో మనసులో సిద్ధం చేసుకోవాలని ఏదో చక్కగా చెప్పబోయారు.

"నేను కల్వరి దగ్గర, ఆయన్ని సిలువేసిన చోట, నిలబడతా ఫాదర్," అంది ఆరోగ్యమ్మ, నా పిడి రుద్దుతూనే. "సమాధి కాడికి మాత్రం రాను. మిగతావాళ్లు చూసొచ్చేదాకా బస్సులో కూర్చుంటా."

"అదేంటమ్మా?"

"శుక్రవారం నాకు తెలుసు. తల్లి కళ్ల ముందర బిడ్డ పోవటం తెలుసు. ఆదివారం ఆమె బిడ్డ తిరిగొచ్చాడు. నా బిడ్డ రాలా. ఇంక అది నాకు సంబంధించిన పండగ ఎట్టా అవుద్ది?"

చదువుకున్నవాళ్లు ఇలాంటిచోట ఏదో ఒకటి చెప్పేస్తారు. ఈయన నూనె గిన్నె ఆమె చేతికి దగ్గరగా జరిపారు. నాకు ఆయన మీద గౌరవం పుట్టింది ఆ నిమిషంలోనే.

ఆమే అడిగింది. "కల్వరికీ సమాధికీ ఎంత దూరం ఫాదర్? బస్సు మారాలా?"

"బస్సా? లేదమ్మా. రెండూ ఒకే గుడిలో ఉన్నాయి, ఒకే కప్పు కింద. మన గుడి వాకిట్లోంచి పీఠం దాకా ఎంతో, ఇంచుమించు అంత."

నూనె గుడ్డ ఆగిపోయింది. "అంతేనా?" అంది. ఆయన వెళ్లిపోయాక కూడా ఒకసారి అనుకుంది, "అంతేనా" అని. తర్వాత నూనె ఎక్కువైందని కొంగుతో తుడిచింది.

సాయంత్రం పూజకు ముందు శౌరయ్య కుంటుకుంటూ వచ్చాడు. మోకాలు పట్టేసిందట, నిచ్చెన ఎక్కలేడట. "గంట మోగి ఆగాక ఆ గుడ్డేదో నువ్వే కట్టమ్మాయ్. నీ ముడి అయితే ఊడదు కూడా."

ఇక్కడ మా గుడి ఆచారం ఒకటి చెప్పాలి. గంటను కట్టినవాళ్లే విప్పాలి. ఎప్పుడో ఒక ఏడు ఒకరు కట్టి, ఇంకొకరు విప్పుతారులే అనుకుని, ఆ ఇంకొకరు కట్టినాయనే విప్పుతాడులే అనుకుని, పండగనాడు గంట మోగక పరువు పోయిందట. అప్పటి నుంచి ఈ నియమం. దాన్ని ఎవరూ తప్పరు.

మహిమ గీతం అయింది. గంట మోగి ఆగింది. ఆరోగ్యమ్మ నన్ను బల్ల మీద పెట్టి, గోతం గుడ్డా పురికొసా తీసుకుని గోపురం ఎక్కింది. దిగి వచ్చాక శౌరయ్యతో అంది, "కట్టా. శనివారం నువ్వే ఇప్పుకో బాబాయ్. నేను రానని తెలుసుగా."

"నా మోకాలితో ఎట్టా ఎక్కుతా? కట్టినోళ్లే ఇప్పాల."

"అయితే మోగకపోతే పోయె. ఒకసారి నా ఇంటికి మోగలా, నేను చచ్చానా?"

శౌరయ్య తల దించుకున్నాడు. ఆ రోజు గంట తాడు వదిలేసి నన్ను చేత్తో పట్టుకుని నడిచింది ఆయనే కదా. నియమం ప్రకారం నడిచాడు. నియమంలో తప్పేం లేదు, ఆయనలో కూడా లేదు. అయినా పదకొండేళ్లుగా ఆ తప్పును ఆయన మోస్తూనే ఉన్నాడు. ఆమెకు యాత్ర చీటీ రాయడం, ఈ మోకాలినొప్పి, అన్నీ అందుకే. నియమం అనే తాడుతో ఆమెను శనివారం రాత్రికి గుడిలోకి లాగాలని ముసలాయన ఎత్తు. ఆ ఎత్తు పారలేదని ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోయింది. ఇప్పుడు పోనీ అని మోకాలు నయమైందని చెబుదామంటే పరువు సమస్య.

శుక్రవారం ఎప్పటిలాగే నడిచాం. నాలుగో చోట ఆమె ఆగింది, నన్ను ఊపలేదు. వెనక జనం ఎదురు చూశారు. కొంచెంసేపటికి నెమ్మదిగా మూడు దెబ్బలు కొట్టి ముందుకు కదిలింది. పిలాతుగారు ఈ ఏడూ పంచెకే తుడుచుకున్నారు. శనివారం మధ్యాహ్నం నన్ను తుడిచి శౌరయ్యకు ఇచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నేను బీరువాలోకి వెళ్లిపోయాను.

ఆ రాత్రి సంగతి నాకు మామూలుగా అయితే చప్పుళ్లే. బయట నిప్పు చిటపటలాడింది. చీకట్లో జనం కొవ్వొత్తులు పట్టుకుని లోపలికి వచ్చారు. పాత నిబంధన పాఠాలు ఒకటొకటే చదివారు. ఎవరిదో పసిబిడ్డ ఏడ్చింది. నాకు గుబులు మొదలైంది. గంట ఇంకా ముడిలోనే ఉంది. శౌరయ్య ఎవరికీ చెప్పలేదు. చివరి నిమిషం దాకా ఆమె వస్తుందనే ఆయన ధీమా.

ఫాదర్ గారు మహిమ గీతం ఎత్తుకున్నారు. పీఠం దగ్గర చేతిగంట కిణకిణమంది. దీపాలన్నీ వెలిగాయి. శౌరయ్య తాడు లాగాడు. పైనుంచి మిర్చి బస్తా లారీలో పడ్డట్టు ఒక దబ్బుమనే చప్పుడు వచ్చింది. మళ్లీ లాగాడు. మళ్లీ దబ్బు. పాట తడబడింది. హార్మోనియం ఆగిపోయింది. వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి.

అప్పుడు పూజగది పక్కతలుపు తెరుచుకుంది. గదిలో దీపం లేదు. అయినా ఒక చెయ్యి తడుముకోకుండా తిన్నగా బీరువా తెరిచి నన్ను పట్టుకుంది. ఆ అరచేతి గరుకు నాకు బాగా తెలుసు. ఆరోగ్యమ్మ ఆయాసపడుతోంది. తర్వాత ఆమే చెప్పుకుంది, సాయంత్రం నుంచి గుడి ప్రహరీ అవతల నిలబడే ఉందట. "నా ముడి ఆయన వల్ల కాదుగా, గుడి పరువు పోద్దని" వచ్చిందట. పనిమంతురాలి బాధ్యత అట. సరే, ఆమె చెప్పింది, నేను విన్నాను. నమ్మానని మాత్రం అనలేదు.

నన్ను పట్టుకుని ఆమె గుడిలోకి వచ్చింది. ఆ వెలుతురు చూసి నేను బిత్తరపోయాను. తెల్లబట్టలు, పూలు, చేతి చేతికీ కొవ్వొత్తి. యాభై ఏళ్లుగా తలుపు అవతల జరిగింది ఇదా. ఆమె పీఠం పక్కన నిలబడి నన్ను ఊపింది. టక్, టక్, టక్.

శుక్రవారం గొంతు పండగ మధ్యలో వినపడేసరికి జనం ఉలిక్కిపడ్డారు. ఒక ముసలమ్మ సిలువ గుర్తు వేసుకుంది. ఆరోగ్యమ్మ ఆపలేదు. నిదానంగా మొదలెట్టి జోరు పెంచింది. ఎనిమిదేళ్లప్పుడు వీధికి తలనొప్పి తెప్పించిన జోరు అది. ఫాదర్ గారు ఆ దెబ్బను పట్టుకుని పాట మళ్లీ ఎత్తారు. హార్మోనియం అందుకుంది. పరలోకమందు దేవునికి మహిమ అని ఆ గుడి మొత్తం పాడుతుంటే తాళం వేసింది నేను. ఎండిన తుమ్మముక్కను, దుప్పట్లు బాదిన దాన్ని, నేను. ఆనందం అంటే ఏమిటో నాకు ఆ రాత్రి తెలిసింది, దాచుకోవడం ఎందుకు.

ఇంతలో శౌరయ్య టార్చిలైటు తీసుకుని గోపురం నిచ్చెనకేసి పరుగెత్తాడు. నిజంగానే పరుగు. మోకాలు సంగతి పూర్తిగా మర్చిపోయాడు. ఆరోగ్యమ్మ అది చూసింది. నన్ను నడుం దగ్గర చీరలో దోపుకుని వెనకే వెళ్లింది.

పైన ఆయన ముడితో కుస్తీ పడుతున్నాడు.

"మోకాలు బాగానే ఉన్నట్టుందే బాబాయ్."

"ముందు ఇది ఇప్పమ్మాయ్, తర్వాత తిట్టు."

"జరుగు."

ఆమె వేళ్లు రెండు లాగులు లాగాయి. పురికొస ఊడిపోయింది. గోతం గుడ్డ ఆమె చేతిలోకి వచ్చింది. గంటను అంత దగ్గరగా నేను చూడడం అదే మొదటిసారి. పెద్దదే, అందమైనదే. అంచు ఒకచోట చిన్న నెర్రె కూడా ఉంది. ఇన్నేళ్లూ దాన్ని చూసి కుళ్లుకున్నందుకు కొంచెం సిగ్గుపడ్డాను.

శౌరయ్య తాడు అందుకోబోయాడు. ఆరోగ్యమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. తాడు కాదు, గంట నాలుకనే రెండు చేతులతో పట్టుకుని ఒక్కసారి కొట్టింది. మోత నా చెక్కలోకి దిగింది. కింద జనం అల్లెలూయా అన్నారు. ఆమె ఆగింది. మోత సగం తగ్గేదాకా ఉండి, మళ్లీ ఒకటి. మళ్లీ ఆగి, ఇంకొకటి.

పండగ గంట అలా కొట్టరు. మూడో దెబ్బకు నాకు అర్థమైంది. నాలుగో దెబ్బకు శౌరయ్యకు అర్థమైంది. టార్చి ఆర్పేసి గోడకు ఆనుకున్నాడు. ఆయన పెదవులు లెక్కపెడుతున్నాయి. కింద పాట సాగుతూనే ఉంది, పూలు చల్లుతున్నారు, వాకిట్లో టపాకాయలు అంటించారు. అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. పదకొండేళ్ల కిందట ఊరికి వినిపించాల్సిన గంట ఇప్పుడు వినిపిస్తోంది. పది. పదకొండు. ఆమె ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. పదిహేను. పదహారు. పద్దెనిమిది.

పంతొమ్మిది.

ఆమె చేతులు నాలుక మీదే ఉన్నాయి. మోత పూర్తిగా చల్లారిపోయింది. లెక్క అయిపోయింది. శౌరయ్య దగ్గరికి రాబోయి ఆగిపోయాడు. నేను ఆమె నడుం దగ్గరే ఉన్నాను కదా, ఆమె పొట్ట లోపలికి పోయి మళ్లీ ఉబ్బడం నాకు తెలిసింది. పెద్ద ఊపిరి తీసుకుంది.

ఇరవయ్యో దెబ్బ కొట్టింది.

ఆ వెంటనే ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇక లెక్క లేదు. ఆగకుండా, తెరిపి లేకుండా, పండగ మోత. ఆమె అలిసిపోతే శౌరయ్య అందుకున్నాడు, ఆయన అలిసిపోతే మళ్లీ ఆమె. కింద పాట అయిపోయి ఫాదర్ గారు తర్వాతి ప్రార్థన కోసం ఎదురు చూడాల్సి వచ్చింది. ఆయనకూ కొంచెం అర్థమయ్యే ఉంటుంది.

సోమవారం సాయంత్రం ఆమె పూజగదికి వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున ప్రయాణం. కొత్త చెప్పులు కరుస్తున్నాయని చేతిలో పట్టుకుని వచ్చింది. శౌరయ్య బల్ల తుడుస్తున్నాడు.

"అక్కడ బాగా నడిపిస్తారంట అమ్మాయ్. నిదానంగా పో."

"వాకిట్లోంచి పీఠం దాకేగా బాబాయ్. ఫాదర్ గారు చెప్పారుగా."

"మరి బస్సులో కూర్చుంటానన్నావంట?"

ఆమె బీరువా తెరిచి నన్ను తీసింది. మూడు రోజుల పని అయిపోయినా నూనె రాసింది. "లోపలికే పోతా. నా బిడ్డ పేరు చెప్పి ఒక కొవ్వొత్తి పెట్టొస్తా. లేస్తదో లేదో నాకు తెలియదు బాబాయ్. పేరన్నా వినపడాలగా ఆ చోట."

శౌరయ్య గుడ్డ ఝాడించాడు. దుమ్మేం లేదు, ఊరికే ఝాడించాడు. ఆమె నన్ను గోతం గుడ్డ మీద పెట్టి తలుపు మూసింది. మూయడం అంటే అదేలెండి, మా బీరువా తలుపు సరిగా పడదు, బెత్తెడు సందు ఉంటుంది.

ఇప్పుడు నేను మళ్లీ సెలవులో ఉన్నాను. ఆమె ఇంకా తిరిగి రాలేదు. రాగానే కబుర్లు చెబుతుంది, అక్కడ మా చెక్కజాతి వాళ్లెవరైనా కనిపించారో కూడా అడగాలి. ఈలోగా పొద్దున్నే శౌరయ్య గంట కొడుతుంటే ఆ సందులోంచి వింటాను. అప్పట్లో కుళ్లుతో వినేదాన్ని, ఇప్పుడు లెక్కపెడుతూ వింటున్నాను. పంతొమ్మిదో దెబ్బ దగ్గర ఊపిరి బిగబడతాను. చెక్కకు ఊపిరేమిటని అడక్కండి. ఇంతవరకు ఒక్క పొద్దున కూడా ఇరవయ్యోది పడకుండా పోలేదు.